గిటార్ నుంచి బేస్‌కి మారాను, క్రిస్మస్‌కి 11 వారాలే ఉంది: ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_గిటార్ | అక్టోబర్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా మా మందిరంలో రిథమ్ గిటార్ వాయిస్తున్నాను. మా బేస్ అన్నయ్యకి పుణెలో ఉద్యోగం వచ్చి పోయిన నెల వెళ్లిపోయారు. వెళ్లేముందు తన నాలుగు తీగల బేస్ గిటార్ నా చేతిలో పెట్టి, "గిటార్‌కి మనలో ముగ్గురున్నారు, దీనికి ఎవరూ లేరు, నువ్వే చూసుకో" అన్నారు. కాదనలేకపోయాను. నిజానికి నాకూ ఎప్పటినుంచో ఇష్టమే.

గిటార్‌లో పైనున్న లావు తీగలు నాలుగూ ఇవే కదా, ఇ, ఎ, డి, జి, వారంలో చేతికి వచ్చేస్తుందనుకున్నాను. రెండు ఆదివారాలు వాయించాక రాలేదని అర్థమైంది. స్వరాలు తప్పడం లేదు. కానీ డ్రమ్స్ తమ్ముడు "అన్నా, నువ్వు వాయిస్తూనే ఉన్నావు, కింద మాత్రం ఖాళీగానే ఉంది" అన్నాడు. పాటలు నడిపించే అక్క "ఏదో గుయ్యిమంటోంది, శృతి పట్టుకోలేకపోతున్నాం" అంది. రెండు మాటలూ రాత్రంతా బుర్రలో తిరిగాయి.

పైగా మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో (మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గళ్లలో) ఇరవై నిమిషాలు వాయిస్తే ఎడమచేతి మణికట్టు లాగేస్తోంది. నా చేతులు కాస్త చిన్నవి. వేళ్లతో వాయించాలా, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడొచ్చా? ఒకరు అయిదు తీగలది కొనమంటున్నారు, ఇంకొకరు పొట్టి బేస్ కొనమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. కాస్త దారి చూపించండి.

కృష్ణలంక_బేస్ | అక్టోబర్ 8, రాత్రి 11:25

బాబూ, ముందు ఏదీ కొనకు.

1984 నుంచి విజయవాడలో పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించినవాణ్ణి. నేనూ గిటార్ నుంచే వచ్చాను. మీ డ్రమ్స్ అబ్బాయి అన్న మాట, ఆ అక్క అన్న మాట రెండూ ఒకటే. నువ్వు స్వరం ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటున్నావు, ఎక్కడ ఆపాలో చూసుకోవడం లేదు.

గిటార్‌లో కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) కొట్టి వదిలేస్తే దానంతట అదే సన్నబడిపోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. బేస్‌లో అలా కాదు. గిటార్ లావు తీగ సెకనుకి 82 సార్లు కంపిస్తుంది, బేస్ లావు తీగ 41 సార్లు. సరిగ్గా ఒక స్థాయి కింద. అంత మంద్రంలో రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే చెవికి రెండుగా వినపడవు, ఒక్క గుయ్యిమనే మోత వస్తుంది. నువ్వు డి వాయించేటప్పుడు వెనక ఎ తీగ ఇంకా మోగుతూనే ఉండి ఉంటుంది. నీకు తెలియదు, హాలంతటికీ తెలుస్తుంది.

తబలా వాయించేవాళ్ల డగ్గా (జంటలో పెద్దది) చెయ్యి చూడు. గె అంటే తెరిచి మోగనిస్తారు, కె అంటే అరచెయ్యి ఆనించి ఆపేస్తారు. ఆ ఆపడంలోనే సగం నడక ఉంది. బేస్ కూడా అంతే. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ ఇ తీగ మీదే కట్టేసినట్టు ఉంచకు. నువ్వు డి తీగకి వెళ్తే బొటనవేలు కిందకి దిగి ఇ, ఎ రెండింటినీ ఆనుకుని ఉండాలి. ఎడమచేతి ఖాళీ వేళ్లు మిగిలిన తీగల మీద ఊరికే వాలి ఉండాలి, నొక్కకూడదు.

ఈ వారం ఒకే పని చెయ్యి. మెట్రోనోమ్ (దెబ్బలు లెక్కగా కొట్టే యంత్రం) నిమిషానికి 60లో పెట్టుకో. ఎ తీగ 5వ ఫ్రెట్‌లో డి. ఒకటో దెబ్బకి వాయించి రెండో దెబ్బకి ఖచ్చితంగా ఆపు. కాసేపయ్యాక మూడో దెబ్బకి ఆపు. తర్వాత నాలుగు దెబ్బలూ నిండా ఉంచు. స్వరం అదే, పాట మాత్రం మూడు రకాలుగా నడుస్తుంది. రోజూ అరగంట.

లోపలి_లయ | అక్టోబర్ 9, ఉదయం 7:10

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మణికట్టు సంగతి చెప్తాను, ఎందుకంటే నావి మీకన్నా చిన్న చేతులే అయి ఉంటాయి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ బ్యాండ్‌లో మొదలుపెట్టాను, తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ మామూలు 34 అంగుళాల (తీగ మోగే పొడుగు) బేసే వాయిస్తున్నాను.

స్కేలు పెట్టి కొలిచి చూడండి. గిటార్‌లో 1వ ఫ్రెట్ నుంచి 4వ ఫ్రెట్ దాకా పది సెంటీమీటర్లకి కాస్త తక్కువ. బేస్‌లో అదే దూరం 13. గిటార్ అలవాటుతో ఫ్రెట్‌కో వేలు చొప్పున నాలుగు వేళ్లూ చాపితే చెయ్యి లాగక ఏం చేస్తుంది? అందుకే నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాళ్లు ఎప్పటినుంచో ఒక పద్ధతి వాడుతున్నారు: చూపుడువేలు, మధ్యవేలు, ఆ తర్వాత ఉంగరంవేలూ చిటికెనవేలూ కలిపి ఒకే వేలుగా. అంటే మూడు ఫ్రెట్లకే చెయ్యి చాపుతారు. నాలుగోది కావాలంటే చెయ్యి మొత్తాన్ని జరుపుతారు, వేలు సాగదీయరు. మొదట నిదానంగా అనిపిస్తుంది, పది రోజుల్లో అలవాటవుతుంది.

బొటనవేలు బేస్ మెడ (ఫ్రెట్లున్న పొడుగు చెక్క) వెనకాల మధ్యలో ఉండాలి. గిటార్‌లో లాగా పైనుంచి తొంగిచూడకూడదు. స్ట్రాప్ పొడుగు తగ్గించి బేస్‌ని కాస్త పైకి కట్టుకోండి. కూర్చున్నప్పుడు ఎంత ఎత్తులో ఉందో నిలబడ్డప్పుడూ అంతే ఎత్తులో ఉండాలి.

ఇంకోటి, సాధన 1వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టకండి. 5వ ఫ్రెట్ నుంచి 8వ ఫ్రెట్ దాకా దూరం పది సెంటీమీటర్ల పైన కొంచెమే. అంటే దాదాపు మీకు అలవాటైన గిటార్ కొలతే. అక్కడ చెయ్యి కుదురుకున్నాక వారానికో ఫ్రెట్ కిందకి దిగండి. నొప్పి వస్తే వెంటనే ఆపేయండి. "భరించి వాయిస్తే పోతుంది" అని ఎవరైనా అంటే వినకండి. నేను మొదటి ఏడాది విని మూడు నెలలు బేస్ ముట్టుకోలేకపోయాను.

సికింద్రాబాద్_సెటప్ | అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:32

నేను గిటార్లు బాగుచేస్తాను. చెయ్యి నొప్పి అనగానే నేను చెయ్యి కాదు, చెక్క చూస్తాను. ఇంట్లో ఉన్న ఏటీఎం కార్డులు మూడు తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పెడితే దగ్గరదగ్గర 2.3 మిల్లీమీటర్లు. 12వ ఫ్రెట్ మీద, ఇ తీగ కింద దూర్చండి. తీగకి తగిలీ తగలనట్టు ఉంటే ఎత్తు సరిగ్గా ఉన్నట్టే. నాలుగైదు కార్డులు పట్టాయంటే అది చేతి తప్పు కాదు.

గాజువాక అంటే సముద్రపు గాలి. తీగ మీద వేలు జరిపితే గరుకుగా ఉందా, వేలికి నల్లగా అంటుతోందా చూడండి, అలా ఉంటే తీగలు మార్చాలి. వెనకాల బ్యాటరీ మూత ఉందేమో కూడా చూడండి. ఉంటే అది యాక్టివ్ బేస్. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే కేబుల్ తీసేయాలి.

ఎడమచేతి_కీస్ | అక్టోబర్ 9, రాత్రి 9:05

వేరే మాట చెప్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. గుంటూరులో పదిహేనేళ్లుగా మందిరాల్లో కీబోర్డ్ వాయిస్తున్నాను. చిన్న హాల్ అయితే బేస్ గిటారే అక్కర్లేదు, కీబోర్డ్ ఎడమచెయ్యి చాలు. మీ అక్క చెప్పిన "గుయ్యి" కి కారణం మీరొక్కరే అనుకోను. మీ కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమచెయ్యి ఎక్కడుందో చూడండి. వాళ్లు కింది స్థాయిలో కార్డ్ మొత్తం పట్టుకుని, మీరు దాని మీదే వాయిస్తుంటే ఎవరు బాగా వాయించినా బురదే.

కృష్ణలంక_బేస్ | అక్టోబర్ 9, రాత్రి 9:48

బేస్ అక్కర్లేదు అన్నదానికి ఒప్పుకోను, రెండోదానికి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మా ట్రూప్‌లో ఒక నియమం ఉండేది. బేస్ వచ్చిన పాటలో కీబోర్డ్ ఆయన ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకోవాలి. ఆయనకి మొదట కోపం వచ్చింది. తర్వాత ఆయనే వేరేవాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు.

గాజువాక_గిటార్ | అక్టోబర్ 13, సాయంత్రం 6:20

అందరికీ చాలా థ్యాంక్స్. ఏటీఎం కార్డులు పెట్టి చూశాను. అయిదు సులువుగా పట్టాయి! ఇక్కడ ఒక షాపుకి తీసుకెళ్తే తీగలు మార్చి ఇచ్చారు, కానీ మెడ వంపు చూడలేదు, ఎత్తు అలాగే ఉంది.

కీబోర్డ్ చెల్లితో మాట్లాడాను. ఆమె ఎడమచేత్తో మూడు వేళ్లతో కార్డ్ పడుతోందట. ఈ ఆదివారం వద్దన్నాను, సరేనంది. ఒక్కసారిగా హాల్లో గాలి ఆడినట్టయింది. కీస్ అన్నా, మీకు రుణపడి ఉన్నాను.

సికింద్రాబాద్_సెటప్ | అక్టోబర్ 13, రాత్రి 8:15

తీగలు మార్చి మెడ చూడకుండా ఇచ్చారంటే సగం పనే అయింది. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి, మధ్యలో 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడండి. మందపాటి విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువుంటే మెడ ముందుకు వంగింది, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనప కడ్డీ) బిగించాలి. ఒకేసారి పావు చుట్టు మించి తిప్పకండి, ఒక రాత్రి వదిలేసి మళ్లీ చూడండి. మెడ సరైన తర్వాతే బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే చోటు) దగ్గర ఎత్తు దించాలి, ముందు కాదు. భయమైతే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లండి, ఎదురుగా నిలబడి చేయించుకోండి.

డాలస్_పల్లవి | అక్టోబర్ 14, ఉదయం 6:02

పిక్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. వేళ్లతో వాయిస్తేనే బేస్, పిక్ పడితే గిటారిస్ట్ చేసే చవకబారు పని అనే మాట చాలామంది నోట వింటాను. నాకు బాధ కలుగుతుంది.

కెరోల్ కే గారి సంగతి తెలుసుకోండి. లాస్ ఏంజిలిస్‌లో రికార్డింగ్ స్టూడియోల్లో గిటార్ వాయించేవారు. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ ఆయన రాకపోతే ఆ రోజు ఆమె బేస్ పట్టుకున్నారు. ఇక వదల్లేదు. అమెరికాలో ఆ దశాబ్దపు పాటల్లో లెక్కలేనన్నిట్లో ఆమె బేసే వినపడుతుంది. అదంతా పిక్‌తోనే, తీగలు మోగిపోకుండా మ్యూట్ చేసుకుని. మీలాగే అనుకోకుండా మారినావిడ.

పాల్ మెకార్ట్‌నీ కూడా అంతే. 1961లో వాళ్ల బీటిల్స్ బ్యాండ్‌లో బేస్ వాయించే అతను తప్పుకుంటే ఎవరో ఒకరు తీసుకోవాలి కాబట్టి ఈయన తీసుకున్నారు. హాఫ్నర్ బేస్ కొన్నారు, 30 అంగుళాలది. పొట్టి బేస్ కొనమన్నారని రాశారు కదా, పొట్టిది చిన్నతనం ఏమీ కాదు.

కృష్ణలంక_బేస్ | అక్టోబర్ 14, రాత్రి 10:10

పిక్ తప్పని నేను అనను తల్లీ. కానీ గిటార్ నుంచి వచ్చినవాడికి మొదటి మూడు నెలలు పిక్ ఇవ్వను. పిక్ చేతిలో ఉంటే చెయ్యి పాత దారినే పోతుంది, పైకీ కిందకీ ఆడుతుంది, నాలుగు దెబ్బల చోట పదహారు పడతాయి. రెండు వేళ్లతో అయితే కొత్తగా నడక నేర్చుకున్నట్టు, ప్రతి అడుగూ చూసి వెయ్యాలి. ఆ నిదానమే అతనికి కావలసింది. చూపుడువేలు, మధ్యవేలు, ఒకదాని తర్వాత ఒకటి. అమెరికాలో మోటౌన్ రికార్డ్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అయితే కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అంత పనీ చేశాడు.

డాలస్_పల్లవి | అక్టోబర్ 15, ఉదయం 5:40

నమస్కారం మాస్టారూ, మీ కారణం అర్థమైంది. పిక్ మీద అయిష్టం అనుకున్నాను, అలవాటు మాన్పించడం కోసం అన్నమాట. అలాగైతే నేనూ మీ పక్షమే.

గాజువాక_గిటార్ | అక్టోబర్ 30, రాత్రి 11:02

మూడు వారాలైంది. వేరే మెకానిక్ దగ్గర కూర్చుని మెడ సరిచేయించాను, ఇప్పుడు మూడు ఏటీఎం కార్డులే పడుతున్నాయి. మణికట్టు నొప్పి లేదు. కుడిచేతి చూపుడువేలికి మాత్రం బొబ్బ వచ్చి చితికింది. ఎడమచేతి వేళ్లు పదకొండేళ్ల కిందే కాయలు కాశాయి, కుడిచెయ్యి పిక్ చాటున మెత్తగా ఉండిపోయింది.

అసలు కష్టం వేరే ఉంది. మా అక్క గొంతుకి నాలుగున్నర శృతి. గిటార్ మీద 4వ ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శృతి పెంచే క్లిప్పు) పెట్టి డి కార్డ్ ఆకారాలు వేసేవాణ్ణి. పదకొండేళ్లుగా ఆ పాటలు నాకు "డి, జి, ఎ" యే. ఇప్పుడు బేస్ పట్టుకుంటే నేనేం వాయించేవాణ్ణో నాకే తెలియడం లేదు. పాట మధ్యలో లెక్క వేసుకుంటున్నాను, ఆలోపు కార్డ్ మారిపోతోంది. ఏం చెయ్యాలి?

లోపలి_లయ | అక్టోబర్ 31, ఉదయం 7:25

బొబ్బ చితికితే రెండు రోజులు ఆ వేలికి సెలవు ఇవ్వండి. ఆంప్ (ఆంప్లిఫైయర్) సౌండ్ కాస్త పెంచి, తీగని మెల్లగా మీటడం నేర్చుకోండి. గిటార్ నుంచి వచ్చినవాళ్లందరూ బేస్‌ని గట్టిగా లాగుతారు. లాగక్కర్లేదు.

కేపో సంగతి: పేర్లు మర్చిపోండి, అంకెలు పట్టుకోండి. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. అది ఇ తీగ 2వ ఫ్రెట్. అదే మీ "1", అంటే షడ్జం. దాని పక్కనే, ఎ తీగ మీద అదే 2వ ఫ్రెట్, బి. అది "4". అక్కడినుంచి రెండు ఫ్రెట్లు పైకి, ఎ తీగ 4వ ఫ్రెట్, సి షార్ప్. అది "5". మీరు "డి, జి, ఎ" అనుకున్నది ఈ 1, 4, 5 యే. ఇప్పుడు చెయ్యి ఎత్తి ఇ తీగ 3వ ఫ్రెట్‌లో పెట్టండి, అదే ఆకారం జి లో వచ్చేస్తుంది. ఏ శృతికైనా ఆకారం మారదు, చెయ్యి జరుగుతుంది అంతే. గిటార్‌కి కేపో కావాలి, బేస్‌లో మీ చెయ్యే కేపో.

మీ పాటల పుస్తకంలో కార్డ్ పేర్ల పక్కన పెన్సిల్‌తో అంకెలు రాసుకోండి. ముప్ఫై పాటలు రాసేసరికి రాయడం మానేస్తారు.

ఎడమచేతి_కీస్ | అక్టోబర్ 31, రాత్రి 8:30

అంకెలతో పాటు ఇంకొక మాట. గిటార్ వాయించేటప్పుడు కార్డ్ ఏదో గిటారిస్ట్ నిర్ణయిస్తాడు అనుకుంటాం. కాదు, కింద ఉన్నవాడు నిర్ణయిస్తాడు. గిటార్‌వాళ్లని సి మేజర్ పట్టుకోమనండి. మీరు కింద సి వాయించండి, హాయిగా ఉంటుంది. ఇప్పుడు వాళ్లని కదలొద్దని చెప్పి మీరు ఎ వాయించండి. హాల్లో వినపడేది ఇక సి మేజర్ కాదు, ఎ మైనర్ సెవెన్. వాళ్ల వేలు ఒక్కటీ కదల్లేదు, పాట ముఖం మారిపోయింది. కాబట్టి మీ తప్పు గిటార్ తప్పులాంటిది కాదు. గిటార్ తప్పు ఒక స్వరం. బేస్ తప్పితే అందరూ తప్పినట్టే.

గాజువాక_గిటార్ | నవంబర్ 2, రాత్రి 10:15

ఇవాళ సాధనలో చేసి చూశాం. గిటార్ తమ్ముడు "నేనేం మార్చలేదన్నా" అని తన చెయ్యి చూసుకున్నాడు. నాలుగైదు సార్లు చేయించాడు మళ్లీ. నాకు ఒళ్లు పులకరించింది.

గాజువాక_గిటార్ | నవంబర్ 20, రాత్రి 9:50

కొత్త పాటల్లో ఇప్పుడు నమ్మకం వచ్చింది. పాత కీర్తనల దగ్గర ఆగిపోతున్నాను. మా పెద్దవాళ్లకి క్రిస్మస్ అంటే కీర్తనలే. కీర్తనల పుస్తకంలో పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి, ఇన్నాళ్లూ నేను చూడలేదు. గిటార్‌తో మూడు కార్డులు వేసేసేవాణ్ణి. మోహన అని రాసి ఉన్న కీర్తన ఒకటి డి లో పాడతాం. గిటార్ జి కార్డ్ వేసే చోట నేను కింద జి వాయిస్తే తాతగారొకాయన తల అడ్డంగా ఊపారు. గిటార్ ఒక్కటే ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

కృష్ణలంక_బేస్ | నవంబర్ 20, రాత్రి 11:40

ఆ తాతగారికి నా నమస్కారం చెప్పు బాబూ. ఆయన చెవి ఖచ్చితమైనది.

మోహనలో ఉన్నవి అయిదే స్వరాలు: స, రి, గ, ప, ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. డి ని షడ్జం అనుకుంటే డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి. నువ్వు వాయించిన జి ఏమిటి? మధ్యమం. రాగంలో లేని స్వరం. గిటార్ వేసినప్పుడు అది ఆరు తీగల మధ్య ఎక్కడో కలిసిపోయింది, పాడేవాళ్ల గొంతు దాన్ని కప్పేసింది. నువ్వు దాన్ని తీసుకెళ్లి నేల మీద పరిచావు. అందరూ ఇప్పుడు దాని మీద నిలబడాలి.

అయితే ఏం వాయించాలి? డి మేజర్‌లో ఉన్నవి డి, ఎఫ్ షార్ప్, ఎ. మూడూ రాగంలో ఉన్నవే. బి మైనర్‌లో బి, డి, ఎఫ్ షార్ప్. అవీ రాగంలో ఉన్నవే. ఈ రెండూ నిర్భయంగా వాడుకో. ఎ మేజర్‌తో జాగ్రత్త, అందులో సి షార్ప్ ఉంది, అది నిషాదం. పంచమం కావాల్సిన చోట నువ్వు ఎ వాయించు, గిటార్ అబ్బాయిని ఎ, ఇ రెండే మోగించమను, మధ్య స్వరం వదిలేయమను.

ఇంతకన్నా ముఖ్యమైనది: కీర్తనకి కార్డ్ మారుతూనే ఉండాలని లేదు. మన సంగీతం నిలబడేది తంబురా మీద. స, ప, స. చరణం మొత్తం షడ్జం మీదే ఉండిపోయి, పల్లవి తిరిగి ఎత్తుకునే చోట ఒక్కసారి ద నుంచి ప మీదుగా స కి దిగి చూడు. ఇంతసేపు కదలకుండా ఉన్నవాడు కదిలితే ఆ కదలిక ఎంత బరువుగా ఉంటుందో నీకే తెలుస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, పెళ్లి పందిళ్లలో నాదస్వరం వాళ్ల వెనక శృతి పట్టేవాళ్లని విని నేర్చుకున్నది.

తీరిక దొరికితే హెడ్‌ఫోన్ పెట్టుకుని 1980ల నాటి ఇళయరాజా గారి పాటలు విను. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అంత చిన్న స్పీకర్ 41 కంపనాలని పలకలేదు. ఆయన దగ్గర బేస్ వాయించిన శశిధరన్ గారి వేళ్లు ఎక్కడ కదిలాయో కాదు, ఎక్కడ కదలకుండా ఆగాయో లెక్కపెట్టు. తర్వాత రెహమాన్ గారి పాటల్లో కీత్ పీటర్స్ గారిని విను.

డాలస్_పల్లవి | నవంబర్ 21, ఉదయం 6:30

మాస్టారూ, ఈ ఒక్క పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నాను. ఇక్కడ మా తెలుగు సంఘంలో త్యాగరాజ కీర్తనలకి బేస్ వాయించమని అడిగితే భయపడి తప్పించుకునేదాన్ని.

గాజువాక_గిటార్ | డిసెంబర్ 7, రాత్రి 10:30

క్రిస్మస్‌కి పెద్ద హాల్ తీసుకున్నారు. ఇవాళ సౌండ్ చెక్. జి వాయిస్తే ఒక మూల గోడలు అదిరిపోతున్నాయి, మధ్య వరసల్లో కూర్చున్నవాళ్లకి అసలు వినపడటం లేదు. ఒకే సౌండ్, ఒకే ఆంప్. సౌండ్ అన్నయ్య "బేస్ పెంచుతాను" అంటున్నారు.

లోపలి_లయ | డిసెంబర్ 7, రాత్రి 11:15

పెంచనివ్వకండి! ఆంప్ మూలలో పెట్టి ఉంటారు, అవునా? ముందు దాన్ని మూల నుంచి బయటికి లాగండి. మూలలో రెండు గోడలూ నేలా కలిసి మంద్రాన్ని పెంచేస్తాయి. 41 కంపనాల స్వరం ఒక్కో అల ఎనిమిది మీటర్ల పైనే ఉంటుంది, గోడలకి కొట్టుకుని వెనక్కి వచ్చి కొన్ని చోట్ల రెట్టింపవుతుంది, కొన్ని చోట్ల చచ్చిపోతుంది. నాబ్ తిప్పితే అదిరే చోట ఇంకా అదురుతుంది, చచ్చిన చోట చచ్చే ఉంటుంది.

ఆంప్‌ని గట్టి బల్ల మీద పెట్టండి, బేస్ నాబ్ కాస్త తగ్గించండి, మిడ్ (మధ్యస్థాయి నాబ్) పెంచండి. దగ్గర నిలబడి వింటే గరుకుగా అనిపిస్తుంది, నచ్చదు. కంగారుపడకండి. పొడుగు కేబుల్ పెట్టుకుని మధ్య వరస దాకా నడుచుకుంటూ వెళ్లి అక్కడ వాయించి వినండి. వినాల్సింది అక్కడ.

గాజువాక_గిటార్ | డిసెంబర్ 14, రాత్రి 9:20

మిడ్ పెంచడం నిజంగా పనిచేసింది. అయితే ఇవాళ ఆరాధనలో రెండో పాట మధ్యలో బేస్ చిరిగినట్టు మోగి, మెల్లగా సన్నబడి ఆగిపోయింది. చెమటలు పట్టాయి. పాట అయ్యాక చూస్తే బ్యాటరీ. శనివారం సాధన అయ్యాక కేబుల్ తీయలేదు. సెటప్ అన్నా, మీరు అక్టోబర్‌లోనే చెప్పారు.

సికింద్రాబాద్_సెటప్ | డిసెంబర్ 14, రాత్రి 9:44

24న కొత్తది వేయండి, పాతది పనిచేస్తున్నా సరే. ఇంకోటి కవర్ జేబులో. చిన్న స్క్రూడ్రైవర్ కూడా, కొన్ని మూతలకి అది లేకుండా కుదరదు.

గాజువాక_గిటార్ | డిసెంబర్ 26, మధ్యాహ్నం 3:05

నిన్న అయిపోయింది. రాత్రి నిద్రపోకుండా ఇక్కడే రాద్దామనుకున్నాను, ఒళ్లు సహకరించలేదు.

కొత్త పాటలు బాగానే వెళ్లాయి. మోహన కీర్తన నాలుగోది. చరణమంతా డి మీదే ఉన్నాను. మాస్టారు చెప్పారని ఉన్నాను గానీ, చెయ్యి ఎంత పీకిందో చెప్పలేను. మూడో పంక్తి దగ్గర జి కి వెళ్లిపోదామా అన్నంత అనిపించింది. వెళ్లలేదు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడిన చోటే వాయించి, స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) పడే చోట ఆపాను. చరణం ముగిసి పల్లవి ఎత్తుకునే ముందు ద, ప, స. మూడే స్వరాలు. డ్రమ్స్ తమ్ముడు తల ఎత్తి నా వైపు చూశాడు. అప్పటిదాకా వాడు నన్ను చూడలేదు. తర్వాతి చరణం నుంచి ఇద్దరం ఒకేసారి ఊపిరి తీసుకున్నట్టు నడిచింది. హాల్లో అందరి గొంతూ ఒక్కసారి పెరిగింది. ముందు వరసలో తాతగారు కళ్లు మూసుకుని తాళం వేస్తున్నారు.

అయిదు తీగల బేస్ ఆలోచన మానేశాను. పుణె అన్నయ్య ఫోన్ చేసి "అది ఇక నీదే" అన్నారు.

మాస్టారూ, జనవరిలో ఇంకో కీర్తన ఉంది, మిశ్రచాపు అని రాసి ఉంది. ఏడు దెబ్బలు. నాకు ఎక్కడ అడుగు వేయాలో తెలియడం లేదు.

కృష్ణలంక_బేస్ | డిసెంబర్ 26, సాయంత్రం 7:30

చాలా సంతోషం బాబూ. ఆ తాళం వేసిన చెయ్యి చూశావు కదా, అది చాలు.

మిశ్రచాపు: తకిట, తకధిమి. మూడు, నాలుగు. ఒకటో దెబ్బకి షడ్జం వాయించి మూడు దెబ్బలూ నిండా ఉంచు. నాలుగో దెబ్బకి పంచమం, దాన్ని పొట్టిగా ఆపు. మిగిలిన మూడు దెబ్బలూ ఖాళీ. నాలుగో దెబ్బ నుంచి నోటితో తకధిమి అనుకో, ఆ ఖాళీలో చేత్తో ఏమీ వాయించకు. వారం రోజులు ఇలా చేసి రికార్డ్ చేసి ఇక్కడ పెట్టు, వింటాను.